చేతిలో ఇమిడే ఆటయంత్రాలు - మన అంగడిలో వాటి జయాపజయాలు

కళాశాల వార్షిక సంచికలో సాహిత్యం, విజ్ఞానం, దేశసమైక్యత వంటి గంభీర విషయాల నడుమ పిల్లల వీడియో గేమ్‌ల వ్యాపారాన్ని గురించి వ్యాసం వ్రాయటం తగునా అని కొందరు పాఠక మహాశయులు సంశయించవచ్చు. విద్యార్థి చేతిలో పుస్తకం ఉన్న సమయమెంత, తెర ఉన్న సమయమెంత అని ఒక్కసారి లెక్క వేసుకొన్నచో ఆ సంశయం తొలగిపోగలదు. ఆ తెరను ఎవరు తయారు చేశారు, ఎవరు అమ్ముతున్నారు, ఏది నెగ్గినది, ఏది నేలకూలినది, ఎందువలన అన్న విచారణ వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే గాక తల్లిదండ్రులకు సైతం అవసరమని మా అభిప్రాయం.

మా వాదాన్ని మొదటనే చెప్పివేయుదుము. చేతిలో పట్టుకొని ఆడే యంత్రాల పోటీలో మేలైన యంత్రం గెలిచిన సందర్భాలు మిక్కిలి అరుదు. సెల్లు ఎంతకాలం వచ్చునో, ఇంటి యజమాని జేబు ఎంత బరువో, చెడిపోయిన యెడల ఎవరు బాగుచేయుదురో, ఈ మూడే ఆ యంత్రాల తలవ్రాతను నిర్ణయించినవి. జపాను అంగడికిని, అమెరికా అంగడికిని ఇది ఎంత వర్తించునో అమలాపురం గడియారస్తంభం సెంటరుకూ, రాజోలు, కొత్తపేట సంతలకూ అంతకు రెట్టింపు వర్తించును.

ఈ కథకు ఆద్యుడు గుంపే యొకోయ్ అనే జపాను ఇంజనీరు. 1941లో క్యోటో నగరంలో జన్మించిన ఆయన 1965లో నింటెండో సంస్థలో చేరారు. అప్పటికి ఆ సంస్థ వ్యాపారం పేకముక్కలు. యంత్రాల మరమ్మత్తు చూచుకోవటం ఆయనకు అప్పగించిన పని. రైలు ప్రయాణంలో ఒక ఉద్యోగి కాలక్షేపానికై తన కాలిక్యులేటరు మీటలు నొక్కుకొనుచుండగా చూచి, జేబులో పట్టే ఆట ఒకటి చేయవచ్చునన్న తలంపు ఆయనకు కలిగినదని చెప్పుదురు. ఆనాడు షార్ప్, కాసియో సంస్థలు కాలిక్యులేటర్ల విషయమై ఒకదానితో ఒకటి పోరాడి ద్రవస్ఫటిక తెరల ధరను నేలకు దించివేసినవి. పోటీలో మిగిలిపోయిన ఆ చవక తెరయే 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అనే చిన్న ఆటయంత్రమైనది. పండి, ఎండి, అందరికీ అలవాటై, చవకబారిన సాంకేతికతను తీసుకొని దానిని ఎవరూ ఊహించని కొత్త పనికి వాడవలెనన్నది యొకోయ్ సిద్ధాంతం. కొబ్బరి డొక్కను పారవేయక పీచు తీసి తాడు పేనుకొనే మన ప్రాంతీయులకు ఈ సిద్ధాంతాన్ని వివరించి చెప్పనవసరం లేదు.

అసలు పోరు 1989లో ఆరంభమైనది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో నింటెండో ‘గేమ్ బాయ్’ని జపానులో విడుదల చేసినది. అదే సంవత్సరంలో అమెరికాలో అటారీ సంస్థ ‘లింక్స్’ను, మరుసటి సంవత్సరం జపానులో సేగా సంస్థ ‘గేమ్ గేర్’ను తెచ్చినవి. ఈ మూడింటిని బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టినచో గేమ్ బాయ్‌ను ఎవరూ చేతిలోనికి కూడ తీసుకొనరు. లింక్స్‌కు రంగుల తెర, తెర వెనుక దీపం. ఎడమచేతివాటం వారికై తిప్పి పట్టుకొనే సౌకర్యం సైతం కలదు. గేమ్ గేర్‌కు కూడ రంగులు, దీపం ఉన్నవి. గేమ్ బాయ్‌కు రంగులు లేవు. నాచు పట్టిన చెరువునీటి వంటి తెరమీద నాలుగు ఛాయలు మాత్రమే. దీపం లేదు, చీకటిలో ఆడుటకు వీలులేదు. సాంకేతిక పత్రికలవారు దీనిని ఎగతాళి చేయుటలో వింత లేదు.

అయితే సెల్లుల లెక్క చూడుడు. గేమ్ బాయ్‌కు నాలుగు పెన్సిల్ సెల్లులు చాలును. అవి పదిహేను గంటలకు పైగా వచ్చును. గేమ్ గేర్‌కు ఆరు సెల్లులు కావలెను. అవి మూడు నుండి ఐదు గంటలలో అయిపోవును. లింక్స్ సంగతియు అంతే. పిల్లవానికి యంత్రం కొనిపెట్టిన తండ్రి ఆ తరువాత వారం వారం సెల్లుల దుకాణానికి కప్పం కట్టవలెనన్నమాట. ధర విషయానికి వచ్చినచో అమెరికాలో గేమ్ బాయ్ సుమారు 90 డాలర్లు, గేమ్ గేర్ 150, లింక్స్ 180. చివరకు గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిపి 11 కోట్ల 80 లక్షలకు మించి అమ్ముడుపోయినవి. గేమ్ గేర్ సుమారు ఒక కోటి వద్ద ఆగినది. లింక్స్ అంతకు ఎంతో దిగువనే నిలిచిపోయినది. 1991 గల్ఫ్ యుద్ధంలో బాంబుదాడికి గురియై ప్లాస్టిక్ కరిగిపోయిన గేమ్ బాయ్ ఒకటి, అయినను పని చేయుచుండగా, న్యూయార్క్ నగరంలోని నింటెండో దుకాణంలో అద్దాల పెట్టెలో చాలాకాలం ప్రదర్శించబడినది. అంతకుమించిన ప్రకటన ఏ సంస్థయు ఇచ్చుకొనజాలదు.

యంత్రంతో పాటు ఇచ్చిన ఆటను గురించి కూడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. అలెక్సీ పజిట్నోవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు 1984లో మాస్కోలో సృష్టించిన ‘టెట్రిస్’ హక్కులకై 1989 ఆరంభంలో పలు సంస్థల ప్రతినిధులు ఒకేమారు మాస్కోకు పరుగులెత్తిన వృత్తాంతం ఒక నవలకు సరిపోవును. చేతియంత్రపు హక్కు నింటెండోకు దక్కినది. సృష్టికర్తకు మాత్రం 1996 వరకు ఆదాయంలో వాటా రాలేదు. పజిట్నోవ్ ఆట గొప్పతనం ఎక్కడున్నదనగా, దానికి లిపి లేదు. పైనుండి పడే ఇటుకలను వరుసగా పేర్చటానికి ఇంగ్లీషు అక్కరలేదు, జపనీసు అక్కరలేదు. తెలుగు బడి పిల్లవాడును, ఉర్దూ బడి పిల్లవాడును ఒకే బెంచీమీద కూర్చుండి ఒకరి చేతినుండి మరొకరు తీసుకొని ఆడగల ఆట అది. లిపి తెలియని తాతగారు సైతం ఆడగలరు. మార్కెట్ పండితులు యంత్రాల వేగాన్ని కొలుచుదురే గాని ఇటువంటి గుణాన్ని కొలిచే కొలబద్ద వారి వద్ద లేదు.

మన ప్రాంతానికి గేమ్ బాయ్ రాలేదనియే చెప్పవచ్చును. వచ్చినది దాని బీద చుట్టం. తొంభయ్యవ దశకంలో చైనాలో తయారైన ‘బ్రిక్ గేమ్’ అనే బూడిదరంగు పెట్టె కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థంలోను, అంతర్వేది తీర్థంలోను బూరలు, రంగుల కళ్ళజోళ్ళు, నీటిబుడగల సీసాల సరసన బొమ్మల దుకాణాలమీద వెలసినది. దానిమీద 9999 ఆటలని అచ్చువేసి ఉండెడిది. నిజానికి పట్టుమని పాతిక ఆటలు కూడ ఉండెడివి కావు. ఒకే ఆటకు వేగం మార్చి, మెట్టు మార్చి వేరువేరు అంకెలు తగిలించెడివారు. వ్యాపారంలో ఇంత నిర్భయమైన అబద్ధం మేము మరొకటి ఎరుగము. అడ్డం పది, నిలువు ఇరవై గడుల తెర, రెండు మూడు సెల్లులు, ఆగకుండ ఒకే రాగం పాడే బజర్. అంతే ఆ యంత్రం. మీట పనిచేయకున్న యెడల నాలుగు మరలు విప్పి, రబ్బరు మీట క్రింది నల్లని కార్బన్ చుక్కను శుభ్రం చేసి, రాగిరేకును పెన్సిల్ రబ్బరుతో తుడిచినచో మరల పలికెడిది. రేడియో బాగుచేసే దుకాణంవాడు పది నిమిషాలలో చేయగల పని అది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టే సఖినేటిపల్లి, మలికిపురం ప్రాంతాలలో ఒక యంత్రానికి ఇంతకన్న గొప్ప యోగ్యత లేదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుఫాను కోనసీమను ఎట్లు చిన్నాభిన్నం చేసినదో పెద్దలందరకు జ్ఞాపకమున్నది. నేలకూలిన కొబ్బరిచెట్లను లెక్కించుటకే దినాలు పట్టినవి. విద్యుత్తు అనేక గ్రామాలకు చాలాకాలం రాలేదు. టెలివిజన్, దానికి తగిలించి ఆడే ఆటపెట్టెలు మూలపడినవి. సెల్లుతో నడిచే వస్తువు మాత్రమే అటువంటి సమయంలో వస్తువుగా మిగులును: టార్చిలైటు, ట్రాన్సిస్టర్, బ్రిక్ గేమ్. నదీపాయల నడుమ లంకలలో నివసించే ప్రజలు కరెంటు తీగెను ఎన్నడూ పూర్తిగా నమ్మరాదని తుఫాను వచ్చిన ప్రతిసారి నేర్చుకొనుచునే ఉన్నారు. మన ప్రాంతంలో ఏ ఆటయంత్రం నిలబడునో చెప్పుటకు మేము ఈ పరీక్షనే ముందుగా పెట్టుదుము.

ఈ సత్యాన్ని ఒకే సంస్థ ఒకే సంవత్సరంలో రెండు విధాల నిరూపించినది. ఫిన్లాండు దేశపు నోకియా 2003 అక్టోబరులో ‘ఎన్-గేజ్’ అనే యంత్రాన్ని విడుదల చేసినది. అది ఫోనును, ఆటయంత్రాన్ని ఒకటి చేయదలచినది. ఉద్దేశం దూరదృష్టి గలదేనని నేడు అంగీకరింపక తప్పదు. కాని ఆట మార్చవలెనన్న ప్రతిసారి మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, చిన్న కార్డును మార్చి, మరల బ్యాటరీ పెట్టి ఫోను వెలిగించవలెను. మాట్లాడునప్పుడు దాని అంచును చెవికి ఆనించుకొనవలెను. చూచువారికి అది పెద్ద నవ్వులాట అయినది. ధర 299 డాలర్లు. అప్పటికి నింటెండోవారి ‘గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్.పి.’ 99 డాలర్లకే దొరకుచుండెను. ఎన్-గేజ్ ముప్పది లక్షల పరిధి దాటలేకపోయినది.

అదే 2003లో అదే నోకియా మన వంటి దేశాలను దృష్టిలో నుంచుకొని ‘1100’ అనే ఫోనును తెచ్చినది. దుమ్ము చొరబడని రబ్బరు ముఖం, నెత్తిమీద టార్చి, లోపల పాము ఆట. దానిని ఎవరూ ఆటయంత్రమని పిలువలేదు. ఇరువదియైదు కోట్లు అమ్ముడుపోయినది! పొలంగట్టున రాత్రి నీరు పెట్టుకొనే రైతు చేతిలో అది దీపం, వాని కుమారుని చేతిలో అది ఆటబొమ్మ. ఏ ప్రకటన లేకుండ, ఏ పోటీ ప్రకటించకుండ కోనసీమలో ఆ కాలమందు నెగ్గిన ఆటయంత్రం ఏదనగా అదియే.

ఆ తరువాతి పోరాటాలు మన గుమ్మం వెలుపల జరిగినవి గనుక సంగ్రహముగా చెప్పుదుము. 2004 చివర నింటెండో ‘డి.ఎస్.’ను, సోనీ ‘పి.ఎస్.పి.’ని ఎదురెదురుగా నిలిపినవి. సోనీ యంత్రం సొగసైనది, శక్తిమంతమైనది. సినిమాలు సైతం చూపగలదు. నింటెండో యంత్రం రెండు తెరలతో, పుల్లతో గీకే వింత అమరికతో ఉన్నది. డి.ఎస్. 15 కోట్ల 40 లక్షలు అమ్ముడుపోగా పి.ఎస్.పి. సుమారు ఎనిమిది కోట్లకు చేరినది. ఎనిమిది కోట్లను ఓటమి అనుట అన్యాయమే. అయితే 2011లో వచ్చిన దాని వారసుడు ‘వీటా’ మాత్రం నిజముగనే ఓడినది. అందులో వాడే జ్ఞాపకపు కార్డు సోనీ వద్దనే, సోనీ చెప్పిన అధిక ధరకే కొనవలసి వచ్చుట దానికి ఒక ఉరిత్రాడైనది. అదే సంవత్సరం నింటెండో ‘3డి.ఎస్.’ కూడ తొట్రుపడినది; కాని ఆ సంస్థ ఆరు నెలలు తిరుగకుండ 25,000 యెన్‌ల ధరను 15,000కు దించి, అధ్యక్షుడు ఇవాటా తన జీతాన్ని సగానికి తగ్గించుకొని, తప్పును అంగడిలోనే సరిదిద్దుకొన్నది. ధర తగ్గించటం పరువుతక్కువని భావించే మన వ్యాపారులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకొనదగును.

2017లో వచ్చిన ‘స్విచ్’ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. 2025 జూన్ 5న విడుదలైన ‘స్విచ్ 2’ మొదటి నాలుగు దినాలలోనే 35 లక్షలు పోయినది. అసుస్, లెనోవో, ఎం.ఎస్.ఐ. వంటి కంప్యూటర్ సంస్థలు చేతిలో పట్టే పూర్తి కంప్యూటర్లనే ఆటయంత్రాలుగా అమ్ముచున్నవి. ఇందులో అసుస్ వారి ‘ఆర్.ఓ.జి. అలై’ 2023 జూలైలో మన దేశంలో 69,990 రూపాయలకు విడుదలైనది. ఈ ధరకు ఒక పాడిగేదె వచ్చును. పాడిగేదె పాలిచ్చును.

నింటెండో యంత్రాలను మన దేశంలో ఆ సంస్థ నేరుగా అమ్మలేదు. అయినను అవి కోనసీమలో అక్కడక్కడ కనబడుటకు కారణం గల్ఫ్ సంచి. రాజోలు, మలికిపురం, అమలాపురం, మామిడికుదురు ప్రాంతాలనుండి కువైట్, మస్కట్, దుబాయి, ఖతర్‌లకు పనికి వెళ్ళిన స్త్రీపురుషులెందరో ఉన్నారు. మన ప్రాంతంనుండి వెళ్ళేవారిలో స్త్రీలు అధికముగా ఉండుట ఒక విశేషం. పరాయి ఇంట పిల్లలను సాకుతూ, తన పిల్లలను రెండేసి సంవత్సరాలు చూడక, తిరిగి వచ్చునప్పుడు ఆ తల్లి సంచిలో తెచ్చేది సబ్బులు, అత్తరు, టాంగు పొడి, దుప్పటి, ఒక ఆటపెట్టె. ఆ పెట్టెమీది ధరను రూపాయలలోనికి మార్చి చూడవద్దని మా మనవి. దానిని ఆమె నెలల్లోనికి మార్చి చూడవలెను. ఆ యంత్రం చెడిపోయినచో అమలాపురంలో బాగుచేసే అధికారిక కేంద్రం లేదు. హామీపత్రం అరబ్బు దేశపుది. దానిలో ఆడుటకు కొత్త ఆట కొనవలెనన్న ఒక్కొక్కటి అనేక వేల రూపాయలు. కొద్ది మాసాలకే అది అలమరలో పెళ్ళి ఆల్బం ప్రక్కన అలంకారమగును. మేము ఆ తల్లులను ఆక్షేపించుట లేదు. ఆ ధనానికి తగిన వస్తువును తయారు చేసి అమ్మని వ్యాపార ప్రపంచాన్నే ఆక్షేపించుచున్నాము.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉన్నది. “ఇంకను ఈ పెట్టెల గొడవ ఎందులకు? 2016లో జియో వచ్చినది, డేటా చవకైనది, ప్రతి చేతిలో ఫోను ఉన్నది, ఫోనులో ఆటలు ఉచితం. చేతియంత్రాల కాలం ముగిసినది” అని కొందరు మిత్రులు వాదించుదురు. అంకెల రీత్యా వారి మాట సత్యం. ఫోను ముందు ఏ ఆటయంత్రం అమ్మకాల సంఖ్యలో నిలువజాలదు. కాని మేము మూడు ప్రశ్నలు వేయుదుము.

ఫోను ఎవరిది? 2020లో బడులు మూతపడినప్పుడు పాఠం ఫోనులోనికి వచ్చినది. ఇంటికి ఒకటే ఫోను, ముగ్గురు పిల్లలు, పైగా అది తండ్రి వెంట పనికి పోవలసిన వస్తువు. పాఠమును, ఆటయును, తండ్రి జీవనోపాధియును ఒకే గాజుపలకమీద పోట్లాడుకొన్నవి. ఎవరు గెలిచిరో మనకు తెలియును.

ఫోను ఎవరి ఆధీనం? 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగిన పిమ్మట కోనసీమలో అంతర్జాల సేవలు నిలిపివేయబడినవి. కొన్ని మండలాలలో ఆ నిలుపుదల దాదాపు రెండు వారాలు సాగినది. ఇంటివద్దనుండి పని చేసుకొనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకొని సిగ్నల్ దొరకే చోట్లకై గోదావరి గట్ల వెంట వెదకుకొనిరి. ఆ దినాలలో ఫోనులోని ఆటలనేకం మూగవోయినవి. ఆడేవాని చేతిలో యంత్రం ఉన్నది, ఆట మాత్రం ఎక్కడో సర్వర్‌లో ఉన్నది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జీని నిషేధించినప్పుడును ఇదే అనుభవం. కోట్లమంది ఆట ఒక్క ఉత్తర్వుతో మాయమైనది. ఆ ఉత్తర్వు మంచిదా చెడ్డదా అన్నది వేరు చర్చ. బ్రిక్ గేమ్‌ను మాత్రం ఏ ఉత్తర్వు ఆపజాలదు. కొన్న ఆట కొన్నవానిది.

మూడవ ప్రశ్న ధనానికి సంబంధించినది. ఫోనులో ఆట ఉచితమన్న మాట తీర్థంలోని 9999 ఆటల మాటకన్న పెద్ద అబద్ధం. ఉచితమైన ద్వారం దాటిన పిదప అడుగడుగున హుండీ కలదు. ఆయుధానికి రూపాయలు, రంగు చొక్కాకు రూపాయలు; అంతకంటె ఘోరం, రమ్మీ పేరిట, ఊహాక్రికెట్ పేరిట సాగిన పందెాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో 1974 నాటి చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికి వర్తించేటట్లు ధనం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినది. ఈ రెండు చట్టాలను మేము హృదయపూర్వకముగ స్వాగతించుచున్నాము. అయినను చట్టం ఒక తలుపును మూయగలదు. అదే ఫోనులో బ్యాంకు ఖాతాయు, ఆటయు ప్రక్కప్రక్కన ఉన్నంతకాలం మరొక తలుపు తెరచుకొనుచునే ఉండును. ఖాతా లేని, అంతర్జాలం లేని, ధనం అడుగని చేతియంత్రానికి నేటి తల్లిదండ్రుల దృష్టిలో ఎన్నడూ లేని విలువ ఏర్పడినదని మేము నమ్ముటకు కారణమిదే. ఫోను వచ్చి చేతియంత్రాన్ని చంపినదనుట సగం సత్యం. ఫోను చేసిన కీడు వలననే చేతియంత్రానికి మరల ఒక అవకాశం వచ్చినది.

ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొన్నది మరల చైనా చవక పెట్టెయే. ‘సప్’ అనే పేరుతో, 400 ఆటలన్న ముద్రతో, అరచేతిలో పట్టే రంగుల తెర యంత్రం కొన్ని వందల రూపాయలకు దొరకుచున్నది. దాని వెనుక మూత తీసి చూచినవారికి ఒక పాత పరిచయస్థుడు కనబడును: బి.ఎల్.-5సి అనే బ్యాటరీ. ఒకప్పుడు నోకియా 1100లో ఉన్న బ్యాటరీ రకమే అది! ఏ పల్లె కిరాణా కొట్టులోనైనను దొరకే ఆ బ్యాటరీని చైనా తయారీదారు ఎంచుకొనుటలో యొకోయ్ సిద్ధాంతం సంపూర్ణముగ ప్రతిఫలించుచున్నది. కరెంటు ఉన్నప్పుడు నింపుకొనవచ్చు; పాడైనచో కొత్తది వేసుకొనవచ్చు; బాగుచేసే దుకాణంవానికి అది ముందే తెలిసిన వస్తువు. దానికి ఉన్న పెద్ద దోషం ఏమనగా అందులోని ఆటలు ఎక్కువ భాగం జపాను సంస్థల పాత ఆటలను అనుమతి లేక నకలు చేసినవి. దొంగసొత్తును బిడ్డ చేతికిచ్చి నీతి బోధించుట కష్టం. పైగా ఆ ఆటలలో మన పిల్లవానికి పరిచయమైన చెట్టు లేదు, పక్షి లేదు, అక్షరం లేదు.

మనవారు ప్రయత్నం చేయలేదా? చేశారు. 2009లో హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ ‘దేసీ అడ్డా’ అనే ఆటల సంపుటిని సోనీ ప్లేస్టేషన్ 2కై తయారు చేసినది. తరువాత అది పి.ఎస్.పి.కి కూడ వచ్చినది. కబడ్డీ, గిల్లీ దండా అనగా మన బిళ్ళంగోడు, పతంగ్‌బాజీ, కబూతర్‌బాజీ, ధోప్‌ఖేల్ అందులోని ఆటలు. పాతబస్తీ మిద్దెలమీద పావురాలను ఎగురవేసే వేడుకను ఒక అంతర్జాతీయ యంత్రంలోనికి ఎక్కించుట సామాన్య విషయం కాదు. అదే సంవత్సరం హైదరాబాదులోనే అరోనా టెక్నాలజీస్ బాలహనుమంతుని కథతో ప్లేస్టేషన్ 2కు మరొక ఆట చేసినది. ఈ రెంటికిని మేము గౌరవముతో నమస్కరించుచున్నాము. కాని అప్పటికి ప్లేస్టేషన్ 2 తొమ్మిదేండ్ల ముసలి యంత్రం, పి.ఎస్.పి. అయిదేండ్లది. సాయంత్రం నాలుగింటికి సంతకు సరుకు దింపినట్లయినది. అంతకుమించి, బిళ్ళంగోడు ఆడే పిల్లవానివద్ద పి.ఎస్.పి. లేదు; పి.ఎస్.పి. ఉన్న పిల్లవానికి బిళ్ళంగోడు తెలియదు. లోపం ఆటలో లేదు, దానిని మోసిన బండిలో ఉన్నది.

ఆ తరువాత ఆట తయారీదారుల జాతీయ సమావేశాలు 2022, 2023, 2024లలో వరుసగా హైదరాబాదులో జరిగినవి. తెలుగు యువకులు ప్రపంచపు పెద్ద పెద్ద ఆటలకు బొమ్మలు గీయుచున్నారు, లెక్కలు కట్టుచున్నారు. పని మనది, ఆట మనది కాదు. స్విచ్ యంత్రాన్ని వెలిగించి భాషల పట్టిక చూచినచో అందు తెలుగు కనబడదు, ఉర్దూ కనబడదు. కొనేవాడు లేని భాషను వారు ఎందుకు చేర్చుదురన్న ప్రశ్న సబబే. కాని చేర్చకున్న కొనేవాడు ఎట్లు పుట్టును?

కనుక రాబోవు కొద్ది సంవత్సరాలకు మా అంచనా ఇది. డెబ్బదివేల రూపాయల చేతికంప్యూటర్లు మన పట్టణాలలో డాక్టర్ల, గుత్తేదార్ల ఇండ్ల గడప దాటి రావు. స్విచ్ గల్ఫ్ సంచిలో అప్పుడప్పుడు వచ్చుచుండును, అలమర చేరుచుండును. సంఖ్యలో ఫోనుదే రాజ్యం. చేతియంత్రాలలో మాత్రం అయిదువందలు మొదలు రెండువేల రూపాయల లోపు పెట్టెయే నిలుచును. పెద్ద సంస్థలకు ఆ అంతస్తుమీద చూపు లేదు గనుక అక్కడ స్థలం ఖాళీగానే ఉన్నది.

ఆ ఖాళీలో అడుగిడుటకు కర్మాగారం అవసరం లేదు. ‘ఆర్డుబాయ్’ అనే చిన్న యంత్రమొకటి ఉన్నది; పరిచయపత్రమంత ప్రమాణం, నలుపు తెలుపుల తెర. దాని నిర్మాణపటమును, కార్యక్రమమును అందరికీ బహిరంగముగ ఇచ్చివేసినారు. సి భాష వచ్చిన డిగ్రీ విద్యార్థి దానికి ఆట వ్రాయగలడు. పులిజూదం, దాడి, వామనగుంటలు, పచ్చీసు ఇవన్నియు గడుల ఆటలే. టెట్రిస్ వలెనే వీటికిని తీక్షణమైన బొమ్మలు అవసరం లేదు. చిక్కు అంతయు అక్షరాల వద్దనే. దాని తెర ఎత్తు అరువదినాలుగు చుక్కలు. గుడి, వత్తు, కొమ్ము చెడకుండ తెలుగు అక్షరం నిలుచుటకు మా లెక్క ప్రకారం పదహారు చుక్కలైనను కావలెను. అనగా తెరమీద నాలుగు వరుసలు. ఉర్దూ నస్తాలీఖ్ వ్రాత ఏటవాలుగ క్రిందికి జారును గనుక దానికి ఇరువదికి తక్కువ చాలదు. మూడు వరుసలే పట్టును. పులిజూదం నియమాలను మూడు వరుసల ఉర్దూలో, నాలుగు వరుసల తెలుగులో ఎవరు ఇమిడ్చి వ్రాయగలరో మా కంప్యూటర్ విభాగపు విద్యార్థులు, ఉర్దూ విభాగపు విద్యార్థులు ఒక గదిలో కూర్చుండి తేల్చవలసి ఉన్నది. వచ్చే కనుమకు జగ్గన్నతోట తీర్థంలో బొమ్మల దుకాణంవానికి చూపుటకు ఒక్క నమూనా సిద్ధమైనను చాలును. కొనునో కొనడో అతడే అక్కడికక్కడ చెప్పివేయును.